ముప్పై ఆరు రిపోర్టులు

ప్రియమైన మౌనస్వామి గారికి,

ఎలా ఉన్నారని అడగను. నాకు తెలుసు. మీ ఓడ ఎక్కడుందో, దాని చుట్టూ గాలి ఎంతుందో, నెత్తిమీద మబ్బులెన్నో రోజుకు నాలుగుసార్లు నా టేబుల్ మీదకి వస్తాయి. లోకంలో ఏ పెళ్ళానికీ మొగుడి గురించి ఇంత సమాచారం అందదేమో. రానిదల్లా మీ మాట ఒక్కటే.

పదిహేనో తారీఖుకి ఓడ దిగి ఇంటికొస్తానన్నారు. నేను సెలవు పెట్టుకున్నా, కిటికీ తెరలు ఉతికా. పన్నెండున పొద్దున్నే ఓడల రిపోర్టులు చార్టు మీద గుర్తు పెడుతుంటే, మీ ఓడ రేవు దాటి మళ్ళీ సముద్రంలోకి పోతోంది. పోనీ మీరు దిగాకే కదిలిందేమో అనుకున్నా. కింద రిపోర్టు రాసిన పరిశీలకుడి నంబరు చూస్తే మీదే. ఇంకో ఆరునెలలకి సంతకం పెట్టేశారన్నమాట! వాతావరణ ఆఫీసులో పనిచేస్తున్నంత మాత్రాన, మొగుడు రావట్లేదన్న సంగతి కూడా వాతావరణ రిపోర్టు చూసే తెలుసుకోవాలా నేను?

అక్కడితో అయిపోయిందా అంటే, లేదు. సరుకు ఆర్డరు కోసం ఎదురుచూస్తూ మీ ఓడ ఇంజను ఆపుకుని నడిసముద్రంలో తేలుతూ కూర్చుంది. తొమ్మిది రోజులు, ముప్పై ఆరు రిపోర్టులు. అన్నీ ఒకటే: గాలి లేదు, సముద్రం నున్నగా ఉంది, ఆకాశం తేటగా ఉంది. గాలి పీడనంలో రోజూ ఉండే ఆ కాస్త హెచ్చుతగ్గంటారా, అది కళ్ళు మూసుకుని వేసేయొచ్చు. పైగా నాలుగు పూటలా మీ నంబరే, మీ డ్యూటీ కాని పూట కూడా. అర్థం కాకపోవడానికి నేనేమైనా చిన్నపిల్లనా? బయటికి తొంగి చూడకుండా నాలుగూ ఒకేసారి గిలికి పంపిస్తున్నారు. ఇంట్లో నన్ను చూసినట్టే ఆ సముద్రాన్నీ చూస్తున్నారు.

ఒళ్ళు మండిపోయింది. నిన్న మీ ఓడని సందేహం జాబితాలో పెట్టేశా. ఇక మీరేం పంపినా మెషిను పక్కన పడేస్తుంది, చార్టు ఎక్కదు. పెట్టేసి బాత్రూంలోకెళ్ళి ఏడ్చా. అదీ రాసేస్తున్నా, దాచుకుని ఏం చేసుకోను?

ఏడేళ్ళుగా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నా. మీరు సెలవులో ఉన్నప్పుడు ‘ఊఁ’ అంటే అదే గొప్ప. ఆఫీసు దగ్గర ఒక గది చూశా. మీరు దిగేలోపు అక్కడికి మారిపోతా.

మీరు వడగళ్ళవాన అని పేరు పెట్టిన,
నేనే

~

మౌనస్వామి గారికి,

‘ప్రియమైన’ అని రాయాలో వద్దో తేల్చుకోలేక వదిలేశా.

మొన్నామధ్య ఒక పొద్దున టీ తాగొచ్చి, మెషిను పక్కన పడేసిన రిపోర్టులు తెరిచా. ఎందుకని అడక్కండి. మీ నంబరు చూడక నాలుగు రోజులైంది, అంతే. చూస్తే, అక్కడ పీడనం ఒక్క రోజులో ఐదు మిల్లీబార్లు పడింది, అది రోజూ ఉండే హెచ్చుతగ్గు కాదు. గాలి లేచింది. దూరం నుంచి పెద్ద పెద్ద అలలొస్తున్నాయి. ఆ మూల మొత్తానికి మీ ఓడ ఒక్కటే దిక్కు. శాటిలైట్ బొమ్మలో మాత్రం అక్కడో ముక్క ఇక్కడో ముక్క మబ్బు, భయపడేంతేం లేదు. ఆ సాయంత్రం మూడొందల పడవలు వేటకి బయల్దేరాలి.

పెద్దసారు దగ్గరికి పరిగెత్తా.

“ఆ ఓడని సందేహంలో పెట్టిందెవరమ్మా?” అన్నారు.

“నేనే సార్.”

“ఎందుకు?”

“కోపంతో.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఇప్పుడేమో నమ్మమంటావు.”

“ఆయన నాతో మాట్లాడరు సార్. కానీ అబద్ధం మాత్రం మాట్లాడరు,” అన్నా. ఆ మాట నా నోటినుంచి వచ్చాక గానీ, అది నాకు ఎప్పటినుంచో తెలుసని తెలియలేదు.

హెచ్చరిక వెళ్ళింది. మర్నాడు ఫెళ్ళుమని ఎండ కాసింది. పడవలవాళ్ళు ఫోన్లు చేసి చెడామడా తిట్టారు. “మీ తుఫానుకి మా బట్టలు బాగా ఆరాయి తల్లీ,” అన్నాడొకాయన. ఆ తర్వాత రోజు ఒక్క ఫోనూ రాలేదు. వాయుగుండం సరిగ్గా వేట జరిగే చోటికే వచ్చింది. అప్పటికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. సొంత కోపంతో జాబితా మార్చినందుకు నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

ఈలోగా మీ రిపోర్టు మూడు పూటలు రాలేదు. ఆ మూడు పూటలూ నేనెలా ఉన్నానో చెప్పడం నా వల్ల కాదు. నాలుగోది వచ్చింది, గాలి తగ్గుతోందని. మీ నంబరే.

కానీ నమ్మడం వేరు, కలిసి ఉండడం వేరు. గది సంగతి నెలాఖరులోపు చెప్పాలి. మూడొందల పడవలకి పనికొచ్చిన మీ మాట నాకెందుకు పనికిరాకుండా పోయింది?

వడగళ్ళవాన

~

వడగళ్ళవానా,

రేవుకి రాగానే ఓడ ఏజెంటు నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి ఇచ్చాడు. నాకు రాయడం రాదు, తెలుసుగా.

సముద్రం నిజంగానే అలా ఉంది. తొమ్మిది రోజులూ. వంటవాడు పొద్దున పారేసిన ఉల్లిపొట్టు సాయంత్రానికి కూడా ఓడ పక్కనే ఉండేది. ముప్పై ఆరుసార్లూ బయటికెళ్ళి చూసే రాశా. నా డ్యూటీ కాని పూట అలారం పెట్టుకుని లేచా. నీకేమైనా పిచ్చా అన్నారు తోటివాళ్ళు. నువ్వు చదువుతావని లేచా.

సంతకం సంగతి. నాకు బదులు రావాల్సిన మనిషి రాలేదు. కాదని గట్టిగా అనొచ్చు. అనలేదు. భయపడ్డా. నువ్వు ఎదురుగా కూర్చుని నా మొహంకేసి చూస్తుంటే నాకు మాట పెగలదు. అంత ఆశగా చూసే మనిషికి ఏం చెప్పాలో తెలీదు. ఇక్కడైతే రిపోర్టు కాగితంలో గాలికో గడి, అలకో గడి ఉంటాయి. అవి నింపేసి, ఈ పూటకి నీతో మాట్లాడేశా అనుకునేవాణ్ణి. అవీ ఒక మాటలేనా అంటావు. నిజమే. నీకు చెప్పకుండా సంతకం పెట్టడం తప్పే.

తుఫానులో మూడు పూటలు రాయలేకపోయా. రెండు చేతులా కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. రాసే వేళ అయినప్పుడల్లా గడియారం చూసుకున్నా.

ఈ రేవులోనే దిగిపోతానని కెప్టెనుతో గట్టిగా చెప్పా. నేను గట్టిగా మాట్లాడానంటే ఆయనకే నమ్మకం కుదరలేదు. గురువారం మధ్యాహ్నం ఇంటికొస్తా. నువ్వు వెళ్ళిపోయి ఉంటే తప్పు పట్టను. ఇల్లు ఖాళీగా ఉంటే, ఖాళీగా ఉందనే రాసుకుంటా.

నీ మౌనస్వామి

~

ప్రియమైన మౌనస్వామి గారికి,

దీన్ని పోస్టు చెయ్యట్లేదు. భోజనాల బల్ల మీద పెట్టి డ్యూటీకి వెళ్తున్నా. మెమో ఉన్నదానికి సెలవెవరిస్తారు?

గది వద్దని చెప్పేశా. తెరలు మళ్ళీ ఉతికా. మీ ఓడని జాబితాలోంచి తీసేసి, కారణం అన్నచోట ‘పరిశీలకుడు నమ్మదగినవాడు’ అని రాసి సంతకం పెట్టా. పెద్దసారు చదివి, నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరిగారు.

అన్నం వండి పెట్టా, తినండి. ఆరింటికి వస్తా. మీకు ఎదురుగా కూర్చోను, మొహంకేసి చూడను. రెండు కుర్చీలూ కిటికీ దగ్గరికి లాగి, బయటికి తిప్పి పెట్టా. పక్కపక్కన కూర్చుందాం. బయట మీకేం కనిపిస్తోందో చెప్పండి. వింటా.

మీ వడగళ్ళవాన