హాజరు కానివారి గడిలో నలభై ఏడో సంఖ్య

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, రక్తనాళాల శస్త్రచికిత్స విభాగపు పరిశోధనలో సంఖ్య 46గా నమోదైన క్షురకుడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కాలి సిరల వ్యాధి పరిశోధన – సంఖ్య 47, అనగా నా భార్య, "తదుపరి పరీక్షలకు హాజరు కానివారు" అను గడిలో చూపబడుట – ఆమెను "మరణించినవారు" అను గడిలోకి మార్చవలసినదిగా కోరుట – గురించి.

పై విషయమై తమరికి సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఇరవై ఆరేళ్లుగా సెలూను నడుపుకుంటున్నాను. వచ్చినవాడు కూర్చుంటాడు, నేను నిలబడతాను. నా వృత్తే అంత. నా భార్య పద్దెనిమిదేళ్లపాటు ఒక పెద్ద బట్టల దుకాణంలో, పిల్లల దుస్తుల కౌంటరు వెనక నిలబడింది. ఆ దుకాణంలో అమ్మేవాళ్లకు స్టూలు ఇవ్వరు. అమ్మేవాళ్లు కూర్చుంటే కొనేవాళ్లకు బద్ధకం వస్తుందని యజమాని సిద్ధాంతం. ఇద్దరికీ మోకాళ్ల కింద సిరలు వానపాముల్లా ఉబ్బి, చీలమండల దగ్గర పుండ్లు పడ్డాయి. ఇంటికి రాగానే ఇద్దరం పక్కపక్కన పడుకుని కాళ్లు గోడకు ఎత్తిపెట్టుకునేవాళ్లం. "ఏమయ్యా, మన నాలుగు కాళ్లూ కలిపితే ఒక్క మంచి కాలు తేలదు కదా!" అనేది.

2. తమ విభాగపు పెద్ద డాక్టరు గారు మమ్మల్ని పరిశోధనలో చేర్చుకొనిరి. రోగులను రెండు గుంపులు చేస్తారని, ఒక గుంపుకు పాడైన సిరను వెంటనే లేజరుతో మూసేస్తారని, రెండో గుంపుకు ఏడాదిపాటు బిగుతు కట్టు మాత్రమే కట్టి ఆ తర్వాత లేజరు చేస్తారని, ఏది మేలో ఆ విధంగా తేలుతుందని వివరించిరి. ఎవరు ఏ గుంపో సీలు వేసిన కవరు చెబుతుంది. ఇందుకు మేము ఇష్టపూర్వకంగా సంతకం చేసితిమి. దానిపై ఫిర్యాదు లేదు.

కవర్ల వరసలో నా భార్య నాకంటే ముందు నిలబడి ఉన్నది. "సెలూను తెరవాలే, నన్ను ముందు పోనియ్యి" అన్నాను. పక్కకు జరిగింది. నా కవరులో లేజరు వచ్చింది. తరువాతి కవరులో కట్టు వచ్చింది. ఆమె నవ్వేసి, "రోడ్డు మీద నడిచినా నువ్వేగా ముందు" అంది.

కవర్లు మార్చుకుంటామని అడిగాను. అక్కడ కాగితాలు రాసే పరిశోధన సహాయకురాలిని (బెంచీ మీది రోగులు ఫైలమ్మ అంటారు) బతిమాలాను. "మార్చుకోడానికి అవేమన్నా సినిమా టిక్కెట్లా బాబాయ్? మారిస్తే పరిశోధన పాడైపోతుంది" అంది. కావున పరిశోధన పాడు కాలేదు.

3. నా పుండు అయిదు వారాల్లో మానింది. ఆమెది మానలేదు. ప్రతి మంగళవారం పూటసెలవు పెట్టి కట్టు మార్పించుకునేది. ఫైలమ్మ పుండు మీద పారదర్శకమైన కాగితం పరిచి అంచు గీసేది, ఫోటో తీసేది. "నా పెళ్లిలో కూడా నాకిన్ని ఫోటోలు తియ్యలేదమ్మా" అని ఈవిడ నవ్వించేది. నలభై ఒక్క వారాల్లో ఒక్క మంగళవారమూ తప్పలేదు. జ్వరంతో కూడా వచ్చింది. హాజరు కార్డు జతపరచడమైనది. ఇట్టి మనిషిని తమ విభాగము "హాజరు కానిది" అనుచున్నది.

4. ఆ నలభై ఒకటో మంగళవారం తరువాతి గురువారం నాడు, కట్టు చూసి కస్టమర్లు మొహం తిప్పుకుంటున్నారని దుకాణం సూపర్‌వైజరు ఆమె చేత కట్టు విప్పించెను. పదకొండు గంటల ప్రాంతంలో పై అరలోని పెట్టె తీయడానికి నిచ్చెన ఎక్కి దిగింది. చీలమండ దగ్గర సిర పగిలింది. నొప్పి ఉండదట. "ఇక్కడ నీళ్లు ఎవరు ఒలకబోశారు?" అని అడిగిందట. పక్క కౌంటరు అమ్మాయి వంగి చూసి కేక పెట్టింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, "ముందు ఆ గౌన్లు తియ్యండి, మరకలవుతాయి" అన్నాడు.

తరువాత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. కస్టమర్ల కుర్చీ. పద్దెనిమిదేళ్లలో ఆ దుకాణంలో ఆమె కూర్చోవడం అదే మొదలు. కాలు కిందికి వేలాడుతూనే ఉంది. మోకాలి పైన గుడ్డ కట్టారు. ఫోను రాగానే నేను మెడకు కప్పే తువ్వాలు చేతిలోనే పట్టుకుని పరుగెత్తాను. రెండు వీధులే. చూస్తే ముడి వదులుగా ఉంది. నా చేత్తో నేను, ఆ తువ్వాలుతో, దాని పైన ఇంకో ముడి వేసి బిగించాను. బిగించినకొద్దీ రక్తం ఎక్కువైంది. ఎక్కువైనకొద్దీ బిగించాను. "ఏమయ్యా, షాపంతా పాడవుతోంది, ఎవరినైనా తుడవమను" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు. దగ్గరలోని వేరే ఆసుపత్రికి చేరేలోపు పోయింది.

5. పదకొండో రోజున ఆమె కాగితాల కోసం వెతుకుతుండగా నా ఫైలులో ఒక కాగితము దొరికినది. లేజరు అయిన రోజు నాకిచ్చినది. దాని వెనకవైపు ఇలా ఉన్నది: "సిర పగిలి రక్తం కారితే రోగిని పడుకోబెట్టండి. కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టండి. కారేచోట వేళ్లతో పది నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచండి. దానికి పైన గుడ్డ గానీ తాడు గానీ బిగించకండి."

అయ్యా, సిర మూసేసినవాళ్లకు ఈ కాగితమిచ్చారు. సిర అట్లాగే ఉన్నవాళ్లకు ఇవ్వలేదు. ఎందుకని అడిగితే ఫైలమ్మ, "అది చికిత్స అయ్యాక ఇచ్చే కాగితం బాబాయ్. పిన్నికి చికిత్స కాలేదుగా" అంది. అన్నాక తనే తల దించుకుంది. ఆ కాగితం తొమ్మిది నెలలు నా ఇంట్లో ఉంది. నేను ముందువైపే చదివాను. కావున ఈ అంశంలో ముద్దాయి తమ కార్యాలయం ఒక్కటే కాదని మనవి.

6. మరణ ధ్రువపత్రంతో పెద్ద డాక్టరు గారిని కలిశాను. అందులో "గుండె ఆగి మరణం" అని ఉన్నది. వారు చదివి, "మా పరిశోధన సిరల మీద. ఇది గుండె" అన్నారు.

"గుండె ఆగకుండా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా సార్?" అన్నాను.

"మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆవిడ కట్టు విప్పేసింది. నియమం ప్రకారం విప్పిన రోజే మా లెక్కలోంచి వెళ్లిపోయినట్టు" అని, నా కాళ్ల వైపు చూసి, "మీ ఎడమ కాలు ఇంకా మిగిలే ఉందిగా? వచ్చే మంగళవారం చేసేద్దాం. ఈలోగా దీని మీద ఒక సంతకం పెట్టండి" అన్నారు.

ఆ కాగితంపై "సంఖ్య 47 ఇకపై పరీక్షలకు హాజరు కాజాలదు" అని ఉన్నది. చదివాను. ఈసారి రెండువైపులా చదివాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎడమ కాలు సలుపుతోంది. సంతకం పెట్టాను. మంగళవారం లేజరు చేశారు. కాలు చాలా బాగున్నది. ఎంత బాగున్నదంటే దాన్ని చూస్తే నాకు వాంతి వస్తుంది.

7. గత వారం కాలి పరీక్షకు వచ్చినప్పుడు వరండాలో, కట్టు గుంపువాళ్లు కూర్చునే బెంచీకి పైన, కొత్త బోర్డు చూశాను. "ఇప్పటివరకు తేలిన ఫలితాలు" అని ఉన్నది. కట్టు గుంపు: అరవై మంది. హాజరు కానివారు: ఒకరు. మరణాలు: సున్నా. దాని కింద పెద్ద అక్షరాల్లో "లేజరుకు ఏడాది ఆగినందువల్ల రోగికి ప్రాణహాని లేదు" అని ఉన్నది. వేరే ఊళ్ల డాక్టర్లు వచ్చి దానికి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇక ఆ ఊళ్లలోనూ ఏడాది ఆగమంటారు. బెంచీ మీదివాళ్లు తల వెనక్కి ఆనిస్తే సరిగ్గా ఆ సున్నాకే ఆనుతున్నది. అప్పుడే నూనె మరక పడింది.

కావున తమరు దయతో,

(అ) సంఖ్య 47ను మరణించినవారి గడిలో వేయించవలెను. సున్నా చెరిపి ఒకటి వేయడానికి సుద్దముక్క చాలు.

(ఆ) ప్రాణహాని లేదు అను వాక్యమును తీసివేయించవలెను.

(ఇ) అంశం 5లోని కాగితమును కట్టు గుంపువారికి కూడా, వెనకవైపును ముందువైపుగా అచ్చు వేయించి, ఇప్పించవలెను.

అంశం 6లోని నా సంతకమును ఇందుమూలముగా ఉపసంహరించుకొంటున్నాను. అందుకు ప్రతిగా ఎడమ కాలి చికిత్స రద్దు చేయదలిస్తే, మూసిన సిరను మళ్లీ తెరిచే ఉపాయం తమ విభాగంలో ఉంటే, నాకు అభ్యంతరం లేదు. దుకాణంలో స్టూలు సంగతి తమ పరిధిలోనిది కాదని ఎరుగుదును.

పైవన్నీ తమరు తీరికగా, కూర్చొని, చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
సంఖ్య 46
(రెండు కాళ్లూ నయమైనవాడు)

జతపరచినవి: హాజరు కార్డు, నలభై ఒక్క సంతకాలతో. మరణ ధ్రువపత్రం నకలు.

తా.క. అయ్యా, అర్జీ ఇవ్వడానికి వచ్చి, మీ గది తలుపు తీసేదాకా ఆ బెంచీ మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కన కట్టు గుంపు ఆవిడ ఉంది. హోటల్లో గిన్నెలు తోముతుంది. మా మంగళవారాల మనిషే. "అన్నా, వదిన రావడం లేదేం?" అంది. చెప్పాను. కుర్చీ, తువ్వాలు, అన్నీ చెప్పాను. నిజం చెప్పాలంటే ఆవిడ భయపడి లేచి వెళ్లిపోవాలనే చెప్పాను. ఆవిడ లేవలేదు. తన కాలి వైపు కాసేపు చూసుకుంది.

"వదినకు లేజరు తేదీ ఇచ్చారా?"

"వచ్చే నెల తొమ్మిది."

"నాది ఇంకా ఏడు నెలలుందన్నా. ఆ తొమ్మిది ఖాళీయేగా. నాకిప్పించమని అడగవా?"

కొట్టాలన్నంత కోపం వచ్చింది. లేచి వరండా చివరిదాకా వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి ఆవిడ, కాలు కొంచెం ఎత్తులో ఉంచాలని కాబోలు, చెప్పుల సంచీ మీద పెట్టుకుని కూర్చుంది.

అయ్యా, ఆ గడి సంగతి తర్వాత చూడండి. బోర్డు ఎక్కడికీ పోదు. తొమ్మిదో తారీఖు ఈవిడకు ఇవ్వండి. పరిశోధన పాడైతే పాడవనివ్వండి. ఆవిడ బయటే ఉంది. ఏదో ఒకటి తెలిస్తే గానీ లేవనంటోంది.