మూడు కాళ్ళ పక్షి, ఏడు బోల్టులు

బొలోన్యా,
1995 ఫిబ్రవరి 6

మోంటెచెర్వోలో పొగాకు దుకాణం నడిపే సిన్యోరా అర్జియా బెత్తెల్లి గారికి,

మీరెవరో తెలియకపోయినా మీ తలుపు గడియ సంగతి బాగా తెలిసిన ఎర్మాన్నో జక్కరెల్లి నమస్కారాలు. కంగారుపడకండి, దొంగను కాను. ముప్ఫై ఆరేళ్ళు సిటీ బస్సుల షెడ్డులో మరమ్మతులు చేసి రిటైరైనవాణ్ణి.

పోయిన అక్టోబరులో పుట్టగొడుగుల కోసం మీ కొండ ఎక్కిన మా బావమరిది, మీ దుకాణంలో సిగరెట్లు కొంటూ, గడియకున్న బోల్టు తల మీద 'ఎఫ్' అనే అక్షరం చూశాడట. మొన్న మాటల్లో ఆ ముక్క బయటపెట్టాడు. అప్పట్నుంచి నాకు తిండి సయించడం లేదు.

నా దగ్గర యుద్ధకాలం నాటి అమెరికన్ జీపు ఉంది. పదకొండేళ్ళుగా బాగుచేస్తున్నాను. దాన్ని తయారుచేసినవాళ్ళు తమ సరుకు పోల్చుకోవడానికి ప్రతి బోల్టు తల మీదా ఆ అక్షరం అచ్చుగుద్దారు. ఇంకా ఏడు బోల్టులు తక్కువ పడ్డాయి. ఏప్రిల్ 25న దేశ విమోచన యాభయ్యేళ్ళ ఊరేగింపు. మా క్లబ్బు పరీక్షకుడు తొందెల్లి భూతద్దం పట్టుకుని జీపు కిందికి దూరతాడు. ఒక్క బోల్టు పరాయిదైనా ఊరేగింపులోకి రానివ్వడు. నన్ను ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాడు. వచ్చే ఏడు చూద్దామంటే కుదరదు. మేలో నా లైసెన్సు గడువు తీరిపోతుంది, నా కళ్ళు చూసి డాక్టరు ఇప్పుడే తల అడ్డంగా ఊపాడు. నడిపితే ఈ ఏప్రిల్లోనే నడపాలి.

ఆ బోల్టు ఇప్పించగలరా?

మీ విధేయుడు,
ఎర్మాన్నో

తా.క.: అసలది మీ తలుపుకెలా వచ్చింది? బోల్టు ఇవ్వకపోయినా సరే, ఆ సంగతి మాత్రం రాయండి.

---

మోంటెచెర్వో,
ఫిబ్రవరి 14

ఎర్మాన్నో గారికి అర్జియా రాయునది. ఇక్కడ మంచు, నా మోకాళ్ళ నొప్పులు, నేను, ముగ్గురం క్షేమం.

డెబ్భై ఏళ్ళొచ్చాయి. రోజుకు రెండుసార్లు ఆ గడియ తీసి వేస్తాను. దాని మొహం ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. మీ ఉత్తరం చదివి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే నిజమే, ఎఫ్. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేకపోయాను. దుకాణం మూసేసి ఊరంతా తిరిగాను. మంగలి ఉగో కుర్చీ కింద రెండు. నెరీనా ద్రాక్షలు పిండే చట్రానికి రెండు. చర్చిలో పాపాలు చెప్పుకునేవాళ్ళు మోకరిల్లే పలకకు ఒకటి. ప్రార్థన చేస్తున్నట్టు వంగి చూశాను. పోయిన మా ఆయన స్వయంగా చేసిన మా మంచానికి ఇంకొకటి! నా గడియతో కలిపి సరిగ్గా ఏడు.

ఎక్కడివని అడిగాను. "మా నాన్న పొర్రెత్తా సంతలో కొన్నాడు" అన్నాడు ఉగో. నెరీనా కూడా అదే మాట. ఫాదర్ చెలెస్తీనో కూడా అదే మాట, కాకపోతే కొన్నది ఆయనకు ముందున్న ఫాదరట. ఊళ్ళో పెద్దలందరూ ఒకే సంతకు వెళ్ళినట్టున్నారు.

ఉంటాను,
అర్జియా

తా.క.: మీ జీపు వెనక పనిముట్ల పెట్టె మూత లోపలివైపు ఏమైనా గీసి ఉందా? మూడు కాళ్ళ పక్షిలాంటిది? ఊరికే అడిగాను.

---

బొలోన్యా,
ఫిబ్రవరి 20

అమ్మా అర్జియా గారూ, మీకు వెయ్యి దండాలు.

మీ ఉత్తరం చదివి ఆనందం పట్టలేక మా ఆవిడ ఇవొన్నెను ఎత్తుకుని తిప్పబోయాను. నడుం పట్టేసింది. ఇది పడుకునే రాస్తున్నాను. ఆ ఏడూ పంపండి.

కానీ పక్షి సంగతి మీకెలా తెలుసు? ఎనభై నాలుగులో పిస్తోయాలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో ఈ జీపు డొక్కు దొరికింది. చక్రాల్లేవు, సీట్లు లేవు. ఏడు పొరల రంగు గీకితే ఆ మూత మీద కనిపించింది: మూడు కాళ్ళ గద్ద! ఏ పుస్తకంలోనూ లేదు. నాలుగేళ్ళు శోధించి, అదొక రహస్య గూఢచారి దళం చిహ్నమని తేల్చాను. మూడు కాళ్ళంటే నేల, నీరు, ఆకాశం. దీని మీద క్లబ్బు పత్రికలో పద్నాలుగు పేజీల వ్యాసం రాశాను. మీరు అది చదివారా? చదివిన మొదటి మనిషి మీరే.

కృతజ్ఞతలతో,
ఎర్మాన్నో

తా.క.: ఇవొన్నె ఆ గద్దను నా టోపీ మీద కుట్టింది. కుట్టాక, కోడిలా ఉందని నవ్వింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

---

మోంటెచెర్వో,
మార్చి 3

ఎర్మాన్నో గారికి, మీ నడుం క్షేమం కోరుతూ అర్జియా.

బోల్టులు విడిగా పార్సెల్ చేశాను. తీయడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు, ఈ ఊరు వాటి మీదే నిలబడిందని. ఉగో కుర్చీ మేయరుతో సహా కూలబడింది. ఆయన సగం గడ్డంతోనే సమావేశానికి వెళ్ళాడు. చర్చిలో పలక ఊడి మందుల షాపావిడ కిందపడుతూ, చెబుతున్న పాపాన్ని చర్చంతా వినేలా అరిచింది. పెద్ద పాపమేం కాదు, అందరం నిరాశపడ్డాం.

అంత తుప్పుతో బొలోన్యా పెద్దమనిషికి పంపుతామా? మాకూ మర్యాద తెలుసు. నెరీనా అల్లుడు కుళాయిలకు మెరుగుపూత వేస్తాడు. ఏడింటినీ ఆకురాయితో నున్నగా రుద్ది, పూత వేసిచ్చాడు. చూసుకుంటే మొహం కనిపిస్తుంది.

ఉంటాను,
అర్జియా

తా.క.: మీ గద్దకు ముక్కు కింద గడ్డంలా ఏమైనా వేలాడుతోందా? మూడో కాలు మిగతా రెండిటికంటే పొట్టిగా ఉందా?

---

బొలోన్యా,
మార్చి 10

సిన్యోరా బెత్తెల్లి,

పార్సెల్ విప్పాను. కూర్చుండిపోయాను. ఇవొన్నె మంచినీళ్ళిచ్చింది.

ఏడింటిలో ఒక్కదాని మీదా అక్షరం లేదు. పెళ్ళి ఉంగరాల్లా మెరుస్తున్నాయి. నాకు కావలసిందే ఆ అక్షరం, ఆ తుప్పు, ఆ జిడ్డు! పదకొండేళ్ళ పని మీ మర్యాద కింద పడి నలిగిపోయింది. ఊరేగింపుకు ఇంకా నలభై ఆరు రోజులు. ఇక నేను రోడ్డు పక్కన నిలబడి జెండా ఊపుకోవాలి.

ఇప్పుడు నాకంతా అర్థమైంది. నా వ్యాసంలో గద్ద బొమ్మ వేయలేదు. దాని గడ్డం గురించి, పొట్టికాలు గురించి ఒక్క ముక్క రాయలేదు. నా షెడ్డులో ఆ మూత ఎత్తి చూసినవాడు తొందెల్లి ఒక్కడే. మీరు తొందెల్లి మనిషి! నా బోల్టులు పాడుచేయమని అతనే చెప్పాడు కదూ?

కోపం కంటే బాధగా ఉంది. వారం వారం మీ ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడడం అలవాటైపోయింది.

ఇక సెలవు,
జక్కరెల్లి

తా.క.: గడ్డం ఉంది. కాలు పొట్టిదే. మీకెలా తెలుసు?

---

మోంటెచెర్వో,
మార్చి 21

నాయనా ఎర్మాన్నో,

ఇకమీదట నీకు గారూ లేదు, గీరూ లేదు. నన్ను తొందెల్లి మనిషిననడానికి నోరెలా వచ్చింది?

అది గద్ద కాదు, కోడి. గీసింది నేను.

నలభై ఐదు మార్చిలో నాకు ఇరవయ్యేళ్ళు. ఒక అమెరికన్ కార్పొరల్ మా ఇంటి ముందు జీపు ఆపాడు. అక్కణ్ణుంచి పైకి కంచరగాడిదలతో వెళ్ళాల్సిందే. తినడానికేదో కావాలని చేతులతో అభినయించాడు. ఆవు అనుకున్నాను. చివరికి మేకు తీసుకుని ఆ మూత మీద కోడిని గీసి "ఇదేనా?" అన్నాను. తల ఊపాడు. అది మూడో కాలు కాదు నాయనా, బయటికొస్తున్న గుడ్డు. నీ నేల, నీరు, ఆకాశం అదే.

గంటలో వస్తాను, జీపును కాస్త చూస్తూ ఉండమని గడియారం చూపించి, ఒక కాఫీ పొట్లం చేతిలో పెట్టాడు. నిజమైన కాఫీ! ఆ వాసన చూసి రెండేళ్ళయింది. పది నిమిషాలు కాపలా కాశాను. ఆ పైన మనసాగక లోపలికెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. కప్పుతో బయటికొస్తే చక్రాల్లేవు, సీట్లు లేవు, డొక్కు మిగిలింది. వీధిలో పిట్టమనిషి లేడు. ఆ రోజు పొర్రెత్తాలో సంత కూడా లేదు.

కార్పొరల్ తిరిగొచ్చి జీపును చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో కప్పు చూశాడు. రెండు గుడ్లు తిని నడిచి వెళ్ళిపోయాడు. ఆ సిగ్గు నాకింకా పోలేదు. డొక్కును తర్వాతెవరో పిస్తోయా వైపు ఈడ్చుకుపోయారు. అప్పట్నుంచి ఊళ్ళో నా పేరు 'జీపు కావలి'. ఆ మాట అన్నవాళ్ళ ఇళ్ళలోనే ఆ బోల్టులు! మా ఆయన కూడా అనేవాడు, ఆ మంచం మీద పడుకునే.

నీ ఉత్తరం ఉగో దుకాణంలో అందరి ముందూ చదివాను. జెండా ఊపుకోవాలన్న దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆదివారం ఫాదర్ చెలెస్తీనో అన్నాడూ, "సంతలో కొన్నవన్నీ అర్జియా బల్ల మీద పెట్టేదాకా ఎవరి పాపాలూ వినను. మోకరిల్లడానికి పలక కూడా లేదు." సాయంత్రానికి ముప్ఫై ఒక్క బోల్టులు, ఒక సీటు, ఉగో గోడ మీది చిన్న అద్దం వచ్చాయి. తుప్పు, జిడ్డు, కోడిరెట్ట, అన్నీ పదిలంగా ఉన్నాయి. ఒక్కదాన్నీ తుడవలేదు. నెరీనా అల్లుణ్ణి ఈ వీధిలోకే రానివ్వడం లేదు.

పోస్టులో పంపను. జీపు వేసుకుని వచ్చి, ఇక్కడే బిగించుకుని, నేరుగా ఊరేగింపుకు వెళ్ళు. ఇవొన్నెను తీసుకురా. కోడిని కోడి అని చెప్పిన మనిషిని చూడాలి.

నీ జీపు కావలి,
అర్జియా

తా.క.: తొందెల్లి వాళ్ళమ్మ మా ఊరి పిల్లే. పెళ్ళయి వెళుతూ ఆవిడ పట్టుకెళ్ళిన వంటింటి స్టూలు కింద ఒకసారి భూతద్దం పెట్టి చూడమను.

మరో తా.క.: ఆ కార్పొరల్ గంటసేపు చూస్తూ ఉండమన్నాడు, నేను పది నిమిషాలే చూశాను. జీపు మా తలుపు ముందు ఆపి, మీరిద్దరూ లోపల కూర్చుని తినండి. మిగిలిన యాభై నిమిషాలూ నేను బయట నిలబడతాను. ఈసారి కాఫీ ముందే పెట్టి ఉంచుతాను.