స్టాండ్‌బై గది

సెప్టెంబర్ 22, 2025, సోమవారం

ఇవాళ పరమేశ్వర్ గారు ఫోన్ చేశారు. నన్ను బోధన్ పంపాక ఇది రెండోసారి. మొదటిసారి ఏసీ బిల్లు గురించి. ఆయన నిజామాబాద్ హెడ్ ఆఫీసులో ఐటీ చూస్తారు. ఒకప్పుడు నా పక్క కుర్చీ.

దీపావళిలోపు బోధన్ సర్వర్ తీసేద్దామని పైవాళ్లు అంటున్నరట. ఒక్కపారన్న అక్కరకొచ్చిందా మేడం అని అడిగారు. రాలేదన్నాను. మరి మీ పోస్టు సంగతి కూడా చూడాలె అన్నారు.

నా పని చెప్పుకోవాలంటే ఇంతే. మాది రైతుల దగ్గర మొక్కజొన్న, అదే మక్కలు, కొనే కంపెనీ. దాని మెయిల్ అంతా నిజామాబాద్ సర్వర్ మీద నడుస్తుంది. దానికి జోడీ ఇక్కడ, పాత గోదాము మేడ మీద. అక్కడ పడ్డ ప్రతి మెయిల్‌కూ ఇక్కడ కాపీ. రెండింటి మధ్య క్షణక్షణం హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానన్న సంకేతం. అది ఆగితే, అక్కడిది పోయిందనుకుని ఇక్కడిది లేచి పని అందుకోవాలి. దాన్నే ఫెయిలోవర్ అంటారు. ఇంతవరకు ఇది లేవలేదు. నేనూ లేవలేదు. పెట్టెకు ఏసీ, నాకు శాలువా.

సెప్టెంబర్ 25

మెట్ల దగ్గర వాచ్‌మన్ ఆత్మారాంతో తప్ప ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. గీ డబ్బ పని చెయ్యది, పాట చెయ్యది, సల్లగ పండవెట్టాలె, అచ్చం మా అల్లుని లెక్కనే ఉన్నది అన్నాడు. నవ్వాను. నవ్వి చాలా రోజులైందని గదిలోకి వచ్చాక తెలిసింది.

అక్టోబర్ 2, దసరా

దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. మటన్ బందాయె, గిదేం పండుగ అని ఆత్మారాం పొద్దుటి నుంచీ దిగులు.

నాకూ సెలవే. ఇంట్లో ఒక్కదాన్ని ఏం చేస్తానని ఆఫీసుకు వచ్చాను. స్క్రీన్ చూస్తే బోధన్: యాక్టివ్. అంటే అక్కడిది పోయినట్టు. నిజామాబాద్‌కు ఫోన్ కొడితే డ్యూటీ కుర్రాడు సాయిరాం ఎత్తాడు. ఆయుధ పూజ గద మేడం, పొద్దుగాలనే అన్ని మిషన్లు బంద్ వెట్టినం, పసుపు కుంకుమ వెట్టి పూలదండ ఏసినం, వాటికి గూడ ఒక దినం రెస్ట్ ఉండాలె గద అన్నాడు.

సర్వర్‌ను ఆపేశారు. నాకొక్క మాట చెప్పలేదు. తిడదామనుకున్నాను, తిట్టలేకపోయాను. సంతోషం ముందొచ్చింది. ఎవరి చెయ్యీ పడకుండా నా పెట్టె తనంతట తాను లేచింది. జరిగిందంతా అది రాసుకునే లాగ్‌ను చదివిందే చదివాను.

రోజంతా కంపెనీ మెయిల్ ఈ గదిలోంచే పోయింది. డీలర్ల శుభాకాంక్షలు, అమ్మవారి బొమ్మలు. అన్నీ నా కళ్ల ముందు నుంచే. ఒక్కటీ నాకు కాదు.

అక్టోబర్ 3

పరమేశ్వర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. గట్లనా, మాకేం తెల్వలే, మెయిల్ మంచిగనే నడిచింది గద, ఇగ పరేషాన్ ఏంది అన్నారు. అది నడిచిందే బోధన్ వల్ల అన్నాను. సరే మేడం, చూద్దాం అన్నారు. ఆయన చూడరు. ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ అవసరం లేదు, అదీ ఆయన లెక్క.

అక్టోబర్ 7

తప్పు చేసినవాళ్లనే గుర్తుపెట్టుకుంటారేమో.

అక్టోబర్ 10, మధ్యాహ్నం

నిజామాబాద్‌లో యూపీఎస్ బ్యాటరీలు మారుస్తున్నారు. సర్వర్ ఆపుతాం, మెయిల్ మీ దిక్కు వస్తదని సాయిరాం నిన్ననే చెప్పాడు. అక్కడ ఆపారు. ఇక్కడి పెట్టెను లేపేది క్లస్టర్ సర్వీస్. నేను దాన్ని ఆపేశాను.

ఇప్పుడు మెయిల్ ఎక్కడా లేదు. ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. మోగనీ. ఏమైంది సుధారాణి మేడం అని ఒక్కరన్నా అడగనీ.

మోగలేదు. ఛార్జింగ్ చూశాను. సిగ్నల్ చూశాను. రెండూ ఉన్నాయి. వాట్సాప్‌లో కానిచ్చేస్తున్నట్టున్నారు అందరూ. ఇంత పాడుపని చేసినా పట్టించుకునే దిక్కు లేదు. నవ్వొచ్చింది, తర్వాత ఏడ్చాను.

అదే రోజు, సాయంత్రం

చివరికి మోగింది. నిజామాబాద్ కాదు. కమ్మర్‌పల్లి కొనుగోలు సెంటర్‌లో క్లర్కు, పేరు ధనలక్ష్మి. మనిషిని ఎప్పుడూ చూడలేదు. గోడ మీద రాసి ఉన్న నంబర్లన్నీ కొడితే నేనొక్కదాన్నే ఎత్తానట. మేడం, రెండు ట్రాక్టర్ల మక్కలు గేటు బయట ఉన్నయ్, మబ్బు పట్టింది, గేట్‌పాస్ మెయిల్ వస్తలేదు, అది లేకుంట లోపటికి ఇడువద్దని రూల్, రైతులు నా మీదికొస్తున్నరు అంది.

ఇది నాకు తట్టనే లేదు. మెయిల్ అంటే నాకు పరమేశ్వర్ గారే గుర్తొచ్చారు. మక్కలు గుర్తు రాలేదు.

వెంటనే సర్వీస్ స్టార్ట్ చేశాను. ఆగిన మెయిళ్లన్నీ బిలబిలమని వచ్చాయి. గేట్‌పాస్ వెళ్లింది. అప్పటికే వాన అందుకుందట. ముందు బండి లోపలికి పోయింది. వెనకది తడిసింది. ఎవరివి అని అడిగాను. వెంకటవ్వయి మేడం, మొగడు లేడు, ఒక్కతే పండిచ్చుకుంటది అంది. మీరు ఫోన్ ఎత్తవట్టి ఒక్క బండన్న దక్కింది, దేవుని లెక్క దొరికిండ్రు అని కూడా అంది.

అక్టోబర్ 11

పరమేశ్వర్ గారు తనంతట తానే ఫోన్ చేశారు. క్లస్టర్ ఇరుక్కున్నదట గద, మీరు ఉండవట్టి నిలబడ్డది, పైకి చెప్పిన, బోధన్ సర్వర్ ఉంటది, మీరు గూడ ఉంటరు అన్నారు.

సర్వీస్ ఎవరు ఆపారో లాగ్‌లో నా పేరుతో సహా ఉంది. చూసే నాథుడు లేడు. ఏడాదిగా కోరుకున్న మాట విన్నాను. రాత్రి అన్నం సహించలేదు.

అక్టోబర్ 14

ధనలక్ష్మి రోజూ ఫోన్ చేస్తోంది. పనుండి కాదు. తిన్నవా అక్కా అని. మేడం పోయి అక్కనయ్యాను. ఆమెకూ సెంటర్‌లో మాట్లాడే తోడు లేదట, తూకం మనిషికి చెవుడట. నా గొంతు వింటే మంచిగనిపిస్తది అంటుంది. నాకూ ఆమె ఫోన్ కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఇది దాచుకోవడమెందుకు, చదివేదెవరు.

వెంకటవ్వ తడిసిన మక్కలను రోడ్డు మీద మళ్లీ ఆరబోసిందట. అడుగున మొలకలొస్తున్నాయట. పాపం అంది ధనలక్ష్మి. పాపమే అన్నాను.

అక్టోబర్ 15

ఇవాళ నేనే ఫోన్ చేశాను. ఆ రోజు మెయిల్ ఆపింది నేనే అని చెప్పాను.

ఎందుకక్కా అని అడిగింది.

ఒక్కరన్నా నాకు ఫోన్ చేస్తారేమోనని అన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు.