ఓడ దిగిన ముద్ద

సెమిలిగుడ.

చిరంజీవి సాయిరాంకి మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాము. నువ్వూ ఆ నీళ్ల మీద చల్లగా ఉండాలని కోరుకుంటున్నాము. ఉత్తరం అన్నాక ఈ మాట రాయాలి గనక రాశాను. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

సంజయ్ కుమార్ సెలవు అయిపోయింది. మళ్లీ మీ ఓడలో పనికి ఎక్కే ముందు పనిగట్టుకుని రాయగడ నుంచి వచ్చి, నీకేమైనా ఇస్తారా అని అడిగాడు. ఇప్పుడు మన కొట్టు వసారాలో కూర్చుని పెసరట్టు తింటున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావు. నీ ఫోను మోగిందంటే మీ నాన్న స్పీకరు పెట్టించుకుని నా పక్కనే కూర్చుంటారు. ఆయన ఎదుట నోటితో అనలేని మాటలు ఇందులో ఉన్నాయి.

నీ ఉత్తరంలో అడిగిన వాటికి ముందు జవాబులు చెప్తాను. దాంతోపాటు సంజయ్ చేత పంపిన చాక్లెట్లు అందాయి. సగం నేనే తిన్నాను, దాచుకోవడమెందుకు. కొట్టు నడుస్తోంది. దసమంతపూర్ సంతకి సరుకు పంపడం మానలేదు, మన్మథరావు ఆటోలో వేసుకెళ్లి అమ్ముకొస్తున్నాడు. వానలు వెనకబట్టాయి. ఫ్యాక్టరీ లారీల ఎర్రదుమ్ము పప్పుడబ్బాల మీద ఎప్పటిలాగే పేరుకుంటోంది. నేను తుడుస్తూనే ఉన్నాను, అది పడుతూనే ఉంది.

నీ ఉత్తరం మీ నాన్నకి పైకి చదివి వినిపించాను. ఓడలో వండింది ఏదీ ఒడ్డుకి దించకూడదని, పండు ముక్క కూడా కుదరదని, ఒక దేశం పురుగు ఇంకో దేశం పంటకి పట్టకుండా ఆ కట్టుదిట్టమని రాశావు. ఓడ దిగే మెట్లు, ఆ గ్యాంగ్‌వే దగ్గర సంచులు తిప్పి చూస్తారని, కొన్ని రేవుల్లో కుక్కలు వాసన పడతాయని రాశావు. ప్రయాణికుల్లో ఎవరో పెద్దావిడ జాకెట్లో అరటిపండు దాచుకుంటే కుక్క వచ్చి ఆవిడ ముందు బుద్ధిగా కూర్చుందన్నచోట మీ నాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. అలాంటి కుక్క మన సంతలో ఒకటుంటే సగం మంది ఇళ్లకి చేరలేరన్నారు. చాలా రోజులకి నవ్వారని నేనూ నవ్వాను.

ఆ తర్వాత నువ్వే ఆ నియమం తప్పుతున్న సంగతి వచ్చింది. ప్రతి విడతా మీ ఓడ ఆగే ఆ దీవి రేవులో, గేటు బయట గోడ నీడన ఒక ముసలమ్మ కూర్చుంటుందని రాశావు. మొదటిసారే నిన్ను చూసి మన మాటలో పలకరించిందని రాశావు. "ఏటి బాబూ, అంత పెద్ద ఓడలోంచి దిగేవు, నాకేటి తేలేదా?" అందని. ఆ మాట వినగానే నీకు కళ్లు చెమర్చాయని, అప్పట్నుంచి ఓడ ఆగినప్పుడల్లా బన్ను ఒకటి చొక్కా లోపల పెట్టుకుని దిగుతున్నావని. దొరికితే ఉద్యోగం పోతుందని తెలిసీ.

"ఆ బన్ను మీద నల్ల గింజలుంటాయి. పైన ఎన్న రాస్తారు," అన్నారు మీ నాన్న.

నేను ఇంకా ఆ పేజీ తిప్పలేదు. తిప్పి చూస్తే నీ అక్షరాల్లో అదే ఉంది. నల్ల నువ్వులద్దిన బన్ను, వెన్న రాసి.

కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించి, మిగతాది ఆయనకి వినిపించకుండా లోపలికి పోయి చదువుకున్నాను. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి చదివాను బాబూ.

ఆవిడ బన్ను చేత్తో అందుకోదని రాశావు. ఇసక మీద పెట్టమంటుందని. దక్షిణం వైపు తిరిగి పెట్టమంటుందని. సీసాలో నీళ్లు బొటనవేలి మీదుగా వదలమంటుందని. పెట్టే ముందు, "ఎవులి పేరున పెడతన్నావు బాబూ?" అని అడుగుతుందని. నువ్వు మీ నాన్న పేరు చెప్పావు. గోవిందరాజులు అని, ఆయన కడుపునొప్పి తగ్గాలని. గుళ్లో ఆయన పేరున అన్నదానం చేయించినట్టే అనుకున్నావు. పెట్టాక వెనక్కి చూడకుండా వెళ్లిపొమ్మంటే అలాగే వచ్చేస్తున్నావు. ఆవిడదేదో ఊరి ఆచారం అయి ఉంటుందమ్మా అని రాశావు.

అది ఆవిడ ఆచారం కాదు నాయనా, మనదే. పోయినవాళ్లకి పెట్టే తీరు అది. నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు. మీ తాతయ్య తద్దినం వచ్చినప్పుడల్లా తండ్రి ఉన్న పిల్లాడు ఆ చాయలకి రాకూడదని నిన్ను వీధిలోకి పంపేసేవాళ్లం. నువ్వు వడలు వండే వేళకి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడివి, అంతే. బతికున్న తండ్రికి కొడుకు ఆ ముద్ద పెట్టకూడదన్న సంగతి మేము నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరనుకుంటారు?

ఇప్పుడు మీ నాన్న సంగతి. ఫోన్లో నీకు కనిపించే ముఖం నిజమే, హాయిగా ఉంటారు. కడుపులో గడ్డ ఉందని విశాఖలో డాక్టర్లు చెప్పాక ఆయన పడ్డ బాధ నువ్వు చూశావు. దిండు కొరుక్కుని అరిచిన మనిషి. నువ్వు ఆ బన్ను పెట్టడం మొదలెట్టిన దగ్గర్నుంచి ఆ అరుపు లేదు. కంచం ముందు పెడితే పక్కకి జరిపి, "నాకొద్దు బాలామణీ, ఇప్పుడే తినీసేను," అంటారు. ఏం తిన్నారని అడిగితే నవ్వి ఊరుకుంటారు. దగ్గరికి వెళితే నోటి దగ్గర వెన్న వాసన. మనింట్లో వెన్న తెచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు.

ఆయన వదిలేసిన అన్నం గోడ మీద పెడితే కాకులు వచ్చి, చూసి, ముట్టుకోకుండా ఎగిరిపోతున్నాయి. ఆయన పంచె ఉతుకుతుంటే కుచ్చెళ్లలోంచి ఇసక రాలింది. తెల్లటి, మెత్తటి ఇసక. ఈ కోరాపుట్ కొండల్లో ఎర్రమన్ను తప్ప నేను ఇంకోటి చూడలేదు. వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది.

ఒకనాడు వేళాకోళంగా అన్నట్టు అని ఆయన్ని కొట్టులో కాటా మీద నిలబెట్టాను. అంకె చూసి కాటా పాడైందనుకున్నాను. ఆయన్ని దింపి బియ్యం బస్తా ఎక్కించాను. కాటా సరిగ్గానే ఉంది. మీ నాన్న బస్తా కంటే తేలిక. మనిషిని చూస్తే అంత చిక్కినట్టు కనిపించరు, అదే నాకు భయం. వెనక నుంచి వస్తే అడుగుల చప్పుడు కూడా వినిపించడం లేదు. పక్కన నిలబడి పిలిచాక ఉలిక్కిపడుతున్నాను.

నీ ఉత్తరంలోది కాకతాళీయమేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మధ్యలో తుపాను వల్ల మీ ఓడ ఆ రేవులో ఆగకుండా పోయిందని ఫోన్లో చెప్పావు, గుర్తుందా? ఆ రోజు మీ నాన్న పొద్దున్నే కడుపు పట్టుకుని లేచారు. ఊరంతా వినేలా అరిచారు. అరుస్తూనే, "గంజి పొయ్యే, ఆకలి సంపేస్తంది," అన్నారు. పోస్తే రెండు గిన్నెలు తాగారు. మర్నాడు కాటా మీద కాస్త బరువు తూగారు. తర్వాతి విడత ఓడ ఆగింది. మళ్లీ నొప్పి లేదు, ఆకలి లేదు, నోట్లో వెన్న వాసన.

ఇందాక సంజయ్‌ని కూడా అడిగాను, ఆ ముసలమ్మని నువ్వు చూశావా అని. తింటున్నవాడు ఆపేశాడు.

"సూసేను ఆంటీ. నాతో తెలుగు మాటాడలేదు. ఒడియాలో పలకరించింది, మా రాయగడ సంతలో ముసిలోలు పిలిసినట్టు. పోయిన మా అమ్మమ్మ గొంతే అనిపించి ఒళ్లు జలదరించింది. నా దగ్గర ఏటీ లేదని సెప్పీసి ఎనక్కి తిరిగొచ్చేసేను. మల్లీ నన్నెప్పుడూ అడగలేదు."

"మరి మావోడికి ఎందుకు సెప్పలేదురా?"

"సెప్పేను ఆంటీ. ఆడు ఇనలేదు. ఎన్నాళ్లకో మన మాట ఇన్నానురా, ఓ రొట్టి ముక్కకి ఏటైపోద్ది అన్నాడు."

నీ జాలిగుండె నాకు తెలుసు కాబట్టి నిన్ను తిట్టలేను. తిట్టాల్సింది నన్ను. అదే ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం సంజయ్ సెలవు మొదట్లోనే నా చేతికి అందింది. ఆ పూటే కొట్టు వెనక్కి పోయి నీకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్తే సరిపోయేది, ఆ ముద్ద ఆపెయ్ బాబూ అని. నేను చెప్పలేదు. సంజయ్ సెలవు మొత్తం గడిచింది, మీ ఓడ ఆ రేవుకి పోతూ వస్తూనే ఉంది, నేను నోరు మెదపలేదు. ఎందుకంటే మీ నాన్న అరవడం లేదు. నా పక్కన పడుకుని పసిపిల్లాడిలా నిద్రపోతున్నారు. ఆయన తరిగిపోతున్నారని తెలిసీ, ఆ నిద్ర చెడగొట్టడం నా వల్ల కాలేదు. చేతులారా ఆయన్ని నేనే పంపించేస్తున్నానని తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం నేను కాగితాలు ముందేసుకోవడం చూసి మీ నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయనకి అంతా తెలుసు. నేను దాచిన పేజీలు కూడా తెలుసు.

"ఆడికి రాయకే," అన్నారు. "ఆడి సేతి ముద్ద తింటంటే నొప్పి తెలీటం లేదు. అవతల ఒడ్డు సల్లగా ఉందే. నన్నిలా ఎల్లిపోనీ."

"ఎల్తే ఎల్లండి, మిమ్మల్ని ఆపే శక్తి నాకేదీ?" అన్నాను. "గానీ ఆడి సేత్తో వద్దు. రేపు ఆడికి తెలిస్తే ఏటైపోతాడు? నాన్నని నేనే తినిపించి సంపుకున్నానని జన్మంతా కుమిలిపోడా?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతిలో బరువే లేదు. "అయితే రాసీ. అరిస్తే మాత్రం నన్ను తిట్టకు," అన్నారు.

రాస్తున్నాను. నొప్పి మళ్లీ వస్తుందని నాకు తెలుసు. సంజయ్ వాళ్లమ్మ దయావతి గారు నర్సు కదా, ఆవిడతో మాట్లాడాను. డాక్టరు రాసిచ్చిన నొప్పి మందు ఎలా వెయ్యాలో రాయగడ నుంచి వచ్చి నాకు నేర్పుతానన్నారు. మీ నాన్నకి పోయే వేళ వస్తే నా చేతుల్లో, ఈ ఇంట్లో, గంజో జావో తాగి పోతారు. దాని మీద నీ చెయ్యి ఉండకూడదు.

నువ్వు చివర్లో అడిగిన ప్రశ్నకి ఇంకా జవాబు రాయలేదు. మొదలెట్టిన ముద్ద ఆపకూడదు, నువ్వు దిగకపోతే నేనే ఓడ మెట్ల దాకా వస్తానని ఆవిడ అందట, ఏం చెయ్యమంటావమ్మా అని అడిగావు. ఈ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆ రేవులో కాలు పెట్టకు. మీ పైవాళ్లని బతిమాలి ఆ పూట డ్యూటీ లోపలే వేయించుకో. బన్ను మాట తలపెట్టకు. ఎవరు మన మాటలో పిలిచినా పలకొద్దు.

అయినా ఆవిడ వస్తే, కాపలావాళ్లనీ కుక్కలనీ దాటుకుని మెట్లెక్కి నీ ఎదురుగా నిలబడి, ఎవరి పేరున అని అడిగితే, మీ నాన్న పేరు ఎత్తకు. భయపడి నీ పేరు అసలే చెప్పకు. బాలామణి అని చెప్పు. ఇంటిపేరుతో సహా చెప్పు, పొరపాటు లేకుండా. పొద్దున్న నేనూ కాటా ఎక్కి చూసుకున్నాను. మీ నాన్నలా కాదు, బాగా బరువైనదాన్ని. తరగడానికి చాలా కాలం పడుతుంది. నీ కాంట్రాక్టు అయిపోయి నువ్వు ఇంటికి వచ్చేదాకా సరిపోతాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ, బాలామణి