జత కలవని బూట్లు

మల్లేశ్,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డిలో మీ ఇంటిదాకా పరుగెత్తుకుంటూనే వచ్చాను. ఇద్దరం కలిసి చేద్దామనుకుని, నీ జ్వరంతో ఆగిపోయిన పరుగే. నీళ్లకోసం తాడ్వాయిలో ఒక్కసారి ఆగాను, అంతే.

నీ ఎర్ర బూట్లు మంచివా, నా నీలం బూట్లు మంచివా అని పందెం కట్టి, కుడికాలి బూట్లు మార్చుకున్నాం కదా. ఆ సీజనంతా ఇద్దరికీ ఒక కాలికి ఎరుపు, ఒక కాలికి నీలం. హైదరాబాద్ పోటీలో జనం మనల్ని చూసి నవ్వారు. నువ్వు మాత్రం గీత దాటగానే కింద కూర్చుని మన మడమలు పరీక్షించావు.

ఈరోజు మీ అమ్మ నా కాళ్లకేసి చూసింది. లోపలికి వెళ్లి నీ బూట్లు తెచ్చింది.

"వాని బట్టలన్నీ పంచినం బిడ్డా. ఇవి జోడు కలుస్తలేవని ఎవ్వలు తీసుకపోలే. ఎందుకో ఇప్పుడు సమజైంది. మార్సుకో, రెండు జోడ్లు సక్కగైతయి."

కూర్చుని నా కుడి బూటు విప్పాను. మీ అమ్మ తెచ్చిన నీలం బూటుకు నువ్వు వేసిన లేసు ముడి అలాగే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ముడి విప్పకుండానే బూట్లు లాగేసేవాడివి. దాన్ని విప్పడానికి నాకు చేతులు రాలేదు.

"పందెం ఇంకా తేలలే అవ్వా," అన్నాను.

అబద్ధం. ముప్పై కిలోమీటర్లు దాటాక నా నీలం బూటు మడమ కోసేసింది. నీ ఎర్రబూటు ఏమీ చేయలేదు. నువ్వే గెలిచావురా. ఆ మాట మీ అమ్మకు చెబితే పందెం అయిపోతుంది.