విమానం పోయేదాక ఆగినందుకు

యువజన ప్రణాళికా సంఘం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎర్రగుంటపల్లి ఆటస్థలం గేటు తాళం తీయించుట గురించి, మరియు తమ సదస్సులో సగంలో ఆగిన నా మాటను పూర్తి చేయుటకు అనుమతి గురించి.

శంషాబాద్ దగ్గరి ఎర్రగుంటపల్లి కాపురస్తులు, రైతు కుర్మయ్య గారి కుమార్తె పూర్ణిమ అను నేను, పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నదానను, విన్నవించుకొనునది ఏమనగా:

1. మా ఊరు విమానాలు దిగే దారి కింద ఉన్నది. విమానం నెత్తి మీదికి వచ్చిన సమయంలో ఎదుటివారి నోరు ఆడుట కనబడును గాని మాట వినబడదు. అందుచేత మా ఊళ్లో ఎవరైనా మాట మధ్యలో ఆగి, అది పోయాక అక్కడి నుండే ఎత్తుకొందురు. పెళ్లిలో పంతులు మంత్రం ఆపుతారు. కొట్లాడుకునే ఆడవాళ్లు కూడా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, తరువాత తిట్టు పూర్తి చేస్తారు. ఈ సంగతి తమకు తెలియకపోవుట తప్పు కాదు. అడగకపోవుట తప్పు.

2. తమరు మొన్న ఎండాకాలంలో మా ఊళ్లో ‘యువత గళం’ సదస్సు జరిపినారు. యువత తరఫున వేదిక మీద యువజన నాయకుడు మల్లేశ్వర్ అన్న ఆసీనులైనారు. అప్పటికి వారం ముందే వారి మనుమరాలికి తొట్టెల వేడుక చేసినారు. యువత మాట్లాడవలెనని పెద్దలందరూ మాట్లాడిన పిమ్మట, మైకు నా చేతికి ఇవ్వబడినది. "మా ఊరికి పార్కు ఇస్తమన్నందుకు సంతోషం సార్" అన్నాను. అంతలో విమానం వచ్చినది. అలవాటు చొప్పున ఆగినాను. తమరు చప్పట్లు కొట్టి, మైకు తీసుకొని, ఫోటో దిగినారు. ‘యువత సంతోషం వ్యక్తపరిచినది’ అని తీర్మానంలో రాయబడినది. ఊరివాళ్లు మాత్రం నేను మళ్లీ ఎప్పుడు ఎత్తుకుంటానా అని నా దిక్కే చూస్తూ కూర్చున్నారు.

3. నా మిగతా మాట ఇది: "కాని బడి ఎనుక గ్రౌండ్ల కట్టకుండ్రి సార్. ఆడపిల్లలం పోలీసు పరీక్షకు ఉరికేది ఆడనే. మాకు ఇంకో జాగ లేదు." దీనికి తమరి చప్పట్లంత సేపు కూడా పట్టదు.

4. తరువాత ఆ గ్రౌండులోనే పార్కుకు కొబ్బరికాయ కొట్టి, చుట్టూ రేకులు కట్టి, తాళం వేసినారు. పని నేటికీ మొదలు కాలేదు. లోపల గడ్డి ఏపుగా పెరిగి మల్లేశ్వర్ అన్న బర్రెలు మేస్తున్నవి. వాటికి తాళంచెవి ఉన్నది, మాకు లేదు. రేకుల మీది ఫ్లెక్సీలో ‘మీ మాటే మా బాట’ అని రాసి నా ఫోటో వేసినారు. అందులో నా నోరు తెరిచే ఉన్నది.

5. అందుచేత మేము తెల్లవారుజామున గగన్‌పహాడ్ దిక్కు సర్వీసు రోడ్డు మీద ఉరికినాము. మాలో అందరికన్నా ముందుండేది అనుపమ. లారీ ముందున్నదానినే కొట్టినది. కుడి కాలు మోకాలి కింద నుజ్జయినది. ఇగ పోలీసు ఉద్యోగం మాట ఎత్తవద్దని డాక్టరు చెప్పినారు.

దవాఖానలో వాళ్లమ్మ దుర్గవ్వ నన్ను అడిగినది: "మైకు నీ చేతుల్నే ఉండె గద బిడ్డా. జెప్పలేదా?"

"విమానం వచ్చింది పెద్దమ్మా."

"పోయినంక ఎందుకు జెప్పలే?"

ఈ ప్రశ్నకు జవాబు తమ కార్యాలయంలో ఉన్నచో రాతపూర్వకంగా ఇప్పించగలరు. నేను దుర్గవ్వకు చదివి వినిపించవలసి ఉన్నది. ఆమెకు చదువు రాదు, కాని అబద్ధం తెలుస్తుంది.

6. వచ్చే నెల పరుగు పరీక్ష. మిగిలిన మేము ఇప్పటికీ ఆ రోడ్డు మీదనే ఉరుకుతున్నాము. ఇంకొక కాలు విరిగేదాకా ఫైలు నడవదనుకుంటే ఆ మాట కూడా తెలుపగలరు.

కావున, పని మొదలయ్యేదాకా గేటు తాళం తీయించి, ఫ్లెక్సీ మీది నా ముఖం తొలగించి, మా మొరను చిత్తగించవలెనని కోరడమైనది.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
పూర్ణిమ

తా.క.: సార్, మల్ల మా ఊరికొస్తే జర ఓపిక పట్టుండ్రి. మేం ఆగినమంటే అయిపోయిందని కాదు, పైన విమానం పోతున్నదని. చప్పట్లు కొట్టకుండ్రి.