తాత ముక్కుపొడి డబ్బా

ఓర్వకల్లు,
ఫిబ్రవరి 24.

అమ్మకు అరుణ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మీ అల్లుడు, పిల్లలు బాగున్నాం. మా అందరికంటే పూలు ఇంకా బాగున్నాయి. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి మనసు కుదుటపడింది. చుక్కల మందు మానకు. ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

పోయిన వారం నీ ఉత్తరం అందింది. మాటలు నీవి, అక్షరాలు మధులతవి. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. చూడగానే ఒళ్లు మండింది. నా తల్లి మాటలు తమ్ముడి పెళ్లాం చేతి మీదుగా నాకు రావాలా? ఉన్నమాటే రాస్తున్నాను, తిట్టుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అల్లుడి మోకాలినొప్పి తగ్గింది. బేతంచెర్ల నుంచి పగిలిన బండలు తెప్పించి పూలమడుల చుట్టూ ఆయనే పరిచాడు. ఇక నీ స్నాప్‌డ్రాగన్ పూల సంగతి. కర్నూలు బంగళాలో తోటమాలిగా ఉన్నప్పుడు తాత తెచ్చిన విత్తనం, పెళ్లయినప్పటి నుంచి నువ్వు ఏటా కాపాడుకొచ్చిన విత్తనం, ఈసారి నా మడిలో నడుమెత్తు పెరిగింది. అదే ముదురు ఎరుపు, గొంతులో అదే పసుపు. మా శివాని పువ్వు బుగ్గలు నొక్కి నోరు తెరిపిస్తూ రోజూ బడికి ఆలస్యం చేస్తోంది. వారానికి రెండుసార్లు కాడలు కోసి కర్నూల్లో బొకేలు కట్టే ఈరక్కకు పంపుతున్నాను. "ఈ రంగు యాడ దొరికింది పాపా? నీళ్లల్లో శానా దినాలు నిలబడతాండాది" అని అడిగింది. "మా అమ్మది" అన్నాను. "మా ఇంటిది" అనడానికి నోరు రాలేదు.

ఎందుకు రాలేదో నీకు తెలియదు. వినాయక చవితికి నేను వచ్చినప్పుడు విత్తనం పంచావు కదా. నాకు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చావు. మధులతకు తాత ముక్కుపొడి డబ్బాలో పోసి ఇచ్చావు. "ఈ ఇంటి విత్తనం ఈ ఇంట్లోనే ఉండల్ల" అన్నావు. నువ్వు మామూలుగానే అని ఉంటావు. నేను మాత్రం పత్తికొండలో బస్సెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా ఆ మాటే నములుతూ కూర్చున్నాను. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని కాయలు దులిపింది నేను. ఎండిన కాయకు మూడు చిల్లులు పడి పుర్రెలా కనిపిస్తే జడుసుకుని నీ కొంగులో దూరింది నేను. నిన్నగాక మొన్న వచ్చిన ఆమెకు డబ్బానా?

"మధులత మడిలో ఒక్కటీ మొలవలేదు. నా విత్తనం ముసలిదైపోయిందేమో, ఇక దాచడం మానేస్తా" అని రాయించావు. మానొద్దమ్మా. నీ విత్తనానికి ఏమీ కాలేదు. అది మొలవకపోవడానికి కారణం నేను.

విత్తనం చల్లే రోజు మధులత నాకు ఫోన్ చేసింది. "వదినా, ఎంత లోతుకు ఏయల్ల? అత్త నిద్రపోతాండాది, లేపేకి మనసొప్పలే" అంది. దుమ్ములాంటి ఆ విత్తనానికి వెలుతురు తగలాలి. పైపైన చల్లి నీళ్లు చిలకరించాలే తప్ప మన్ను కప్పకూడదు. నువ్వు నాకు మొట్టమొదట నేర్పింది అదే. నేనేమో, "శనక్కాయ మాదిరే అంగుళం మన్ను కప్పు" అన్నాను. నోరు జారి కాదు. కుళ్లుతో అన్నాను.

కార్తీకంలో ఆమె మా ఇంటికి వచ్చింది. రెండో విడత చల్లిన నారు అప్పుడే పచ్చగా తలెత్తుతోంది. దగ్గరికెళ్లి కూర్చుని, ఇంకా మొలవని గింజలు మన్ను పైనే ఉండటం చూసింది. "నువ్వు మన్ను కప్పలేదే వదినా?" అంది. "మర్సిపోయినా" అన్నాను. నా ముఖం వైపు కాసేపు చూసింది. "బాగొచ్చినాయి" అని, చెంబు తీసుకుని నారు మీద నీళ్లు చిలకరించింది.

నువ్వు తిడతావని చలికాలమంతా ఎదురుచూశాను. ఆమె నీకు చెప్పనే లేదు. విత్తనం ముసలిదైందేమో అన్న నీ మాట కూడా, నిజం తెలిసీ, తన చేత్తోనే రాసింది. అది చదివి నాకు ముందు సిగ్గు వేయలేదమ్మా. ఆమెకు అంత మంచితనం ఉందే అని అసూయ వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఆమె నా తప్పు దాచిపెట్టినందుకు బాధపడుతున్నది నువ్వు.

మడిలో అన్నిటికంటే పొడుగైన ఇరవై కాడలు కోయకుండా విత్తనానికి వదిలాను. ఈరక్క సణుగుతోంది, సణగనీ. కాయలు ఎండుతున్నాయి. ఉగాదికి నేనే తెచ్చి తాత డబ్బా నింపుతాను. డబ్బా మధులత దగ్గరే ఉండనీ. నాకు పొట్లం చాలు. చాలదు, కానీ చాలనుకుంటాను.

నువ్వింకా కొన్నాళ్లు చదవకూడదట కదా. ఇది నీకు చదివి వినిపించేది మధులతే. మధులతా, "అందరూ బాగుండారంట అత్తా" అని కాగితం మడిచేసే మనిషివి నువ్వు. ఈసారి అట్లా చేయొద్దు. అమ్మకు చెవులు సరిగా వినపడవు. మన్ను కప్పమన్న మాట దగ్గర ఆగి, గొంతెత్తి చదువు. వీధిలో వాళ్లకు వినపడినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ కూతురు,
మధులతకు వదిన,
అరుణజ్యోతి